టంకం: పదార్థాలు, పరిశ్రమల్లో ఉపయోగాలు

రెండు లోహపు ముక్కలను కరిగించకుండా, వాటికంటే తక్కువ వేడికి కరిగే మరో లోహాన్ని వాటి సందులోకి పారించి అతకడాన్ని టంకం వేయడం అంటారు. అలా పారి గడ్డకట్టే లోహమే టంకం. వెల్డింగులో అతికే ముక్కల అంచులే కరిగి ఒకటవుతాయి. టంకంలో మూల లోహాలు ఘనరూపంలోనే ఉండిపోతాయి. అందుకే పలుచని రేకును, వెంట్రుకంత తీగను, ఎక్కువ వేడికి చెడిపోయే సిలికాన్ చిప్పును కూడా ఈ పద్ధతిలో అతకవచ్చు. అవసరమైతే మళ్లీ వేడిచేసి విడదీయవచ్చు.

కరిగే ఉష్ణోగ్రతను బట్టి టంకాలు రెండు తరగతులు. 450 డిగ్రీల లోపు కరిగేవి మెత్తని టంకాలు, అంతకు పైన కరిగేవి గట్టి టంకాలు. గట్టి టంకంతో అతకడాన్ని పరిశ్రమల్లో బ్రేజింగ్ అంటారు. ఏ పనికి ఏ టంకం పనికివస్తుందన్నది ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: అది ఏ వేడికి కరుగుతుంది, అతకవలసిన లోహాన్ని ఎంత బాగా తడుపుతుంది. ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ మానంలో, మిశ్రమాల పాళ్లన్నీ బరువు లెక్కన ఉన్నాయి.

చరిత్ర

టంకం అనే మాటకు సంస్కృతంలో వెలిగారాన్ని సూచించే 'టంకణం' దగ్గరి బంధువు. టిబెట్, లడఖ్ ప్రాంతాల్లో దొరికే వెలిగారం తరతరాలుగా కంసాలుల పనిలో తప్పనిసరి సామగ్రి. ముడి వెలిగారానికి ఇంగ్లీషులో ఉన్న 'టింకాల్' అనే పేరు కూడా ఈ సంస్కృత పదం నుంచి వచ్చినదే.

మెసొపొటేమియాలోని ఉర్ నగరపు రాజ సమాధుల్లో బయటపడిన, సుమారు 4,500 ఏళ్ల నాటి బంగారు వస్తువుల్లో గట్టి టంకపు అతుకులు కనిపిస్తాయి. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, రెండు పాళ్లు సీసం, ఒక పాలు తగరం కలిపిన మిశ్రమంతో నీటి గొట్టాలను అతికేవారని తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో రాశాడు. తెలుగునాట చిల్లుపడిన ఇత్తడి బిందెలకు మాట్లు వేసేవారి పనికీ, పాత్రల లోపలి వైపు తగరపు కళాయి పూసేవారి పనికీ మూల సూత్రం ఇదే. కళాయిలో తగరం అతుకుగా కాక పూతగా నిలుస్తుంది. లోహాన్ని శుభ్రపరచడానికి నవాసారం వాడడం, కరిగిన తగరం లోహాన్ని తడపడం మాత్రం రెండింటా ఒకటే.

టెలిగ్రాఫ్, రేడియోల రాకతో టంకానికి కొత్త బాధ్యత వచ్చింది. అతుకు గట్టిగా ఉంటే చాలదు, విద్యుత్తును అడ్డులేకుండా పంపాలి. 1940లలో పాల్ ఐస్లర్ ముద్రిత సర్క్యూట్ బోర్డును రూపొందించడంతో తీగల స్థానంలో రాగి గీతలు వచ్చాయి. 1950లలో ఇంగ్లండులో మొదలైన వేవ్ సోల్డరింగ్ పద్ధతి బోర్డులోని వందల అతుకులను ఒకే విడతలో వేయడానికి దారితీసింది. 1960లలో ఐబీఎం చిప్పును తలకిందులుగా పెట్టి చిన్న టంకపు బుడిపెలతో నేరుగా పలకకు అతికే పద్ధతిని అభివృద్ధి చేసింది.

టంకం అతుక్కునే తీరు

కరిగిన టంకం లోహం మీద పరుచుకోవాలి. తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటే అతుకు ఏర్పడదు. టంకపు బొట్టు అంచు లోహపు ఉపరితలంతో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. అది 90 డిగ్రీలు దాటితే టంకం లోహాన్ని తడపనట్టే. ఎంత చిన్నదైతే అతుకు అంత మేలు. కరిగిన తగరపు తలతన్యత నీటి తలతన్యతకు ఏడు రెట్లకు పైగా ఉంటుంది. అందుచేత అది సహజంగా గుండ్రంగా ముడుచుకోవాలనే చూస్తుంది. శుభ్రమైన రాగి దొరికితే మాత్రం పరమాణువుల మధ్య ఆకర్షణ ఈ గుణాన్ని జయిస్తుంది, టంకం పలుచగా పరుచుకుంటుంది. రెండు ముక్కల మధ్య మిల్లీమీటరులో పదో వంతు సందు ఉంటే, నూనె వత్తిలోకి ఎక్కినట్టు కేశనాళికా చర్యతో టంకం తనంతట తానే లోపలికి పారుతుంది. సందు మరీ వెడల్పైతే ఈ లాగుడు బలం తగ్గిపోతుంది.

తడిసిన చోట రసాయన చర్య కూడా జరుగుతుంది. తగరం, రాగి కలిసి లోహాంతర సమ్మేళనాలుగా మారతాయి. టంకం వైపున ఆరు రాగి పరమాణువులకు ఐదు తగరపు పరమాణువులు గల పొర, రాగి వైపున మూడు రాగి పరమాణువులకు ఒక తగరపు పరమాణువు గల పొర ఏర్పడతాయి. అతుకుకు పట్టు ఇచ్చేది ఇవే. అయితే ఇవి పెళుసు పదార్థాలు. ఒకటి నుంచి మూడు మైక్రోమీటర్ల మందంలో ఉంటే మేలు చేస్తాయి. వేడిలో ఏళ్ల తరబడి పనిచేసే పరికరాల్లో ఈ పొర మందమై, అదురుకు పగిలే ప్రమాదం పెరుగుతుంది. అందుకే చాలా బోర్డుల్లో రాగి మీద నికెల్ పొర వేసి ఈ పెరుగుదలను మందగింపజేస్తారు.

ఫ్లక్సులు

గాలి తగిలిన లోహం మీద క్షణాల్లో ఆక్సైడ్ పొర పడుతుంది, టంకం దాన్ని తడపలేదు. ఆ పొరను కరిగించి, పని ముగిసేదాకా మళ్లీ పట్టకుండా కాపాడే పదార్థం ఫ్లక్స్. ఎలక్ట్రానిక్స్ పనిలో చిరకాలంగా వాడుతున్నది రోజన్. ఇది పైన్ చెట్ల జిగురు నుంచి టర్పెంటైను తీసివేయగా మిగిలే పదార్థం. మన దేశంలో దీనికి హిమాలయ సానువుల్లోని చీర్ పైన్ అడవులు ఆధారం. రోజన్‌లో ప్రధానమైన అబియెటిక్ ఆమ్లం చల్లగా ఉన్నప్పుడు దాదాపు నిష్క్రియంగా ఉంటుంది, వేడెక్కితే ఆక్సైడును కరిగిస్తుంది, చల్లారాక మళ్లీ గట్టిపడి విద్యుత్ నిరోధకంగా నిలుస్తుంది. సున్నితమైన సర్క్యూట్లకు ఇంత అనువైన గుణం అరుదు.

రేకుల పనికి, ఇనుము, ఇత్తడి అతకడానికి జింక్ క్లోరైడ్, నవాసారం వంటి ఘాటైన లవణాలు వాడతారు. ఇవి బలంగా శుభ్రపరుస్తాయి కాని మిగిలిన మరక లోహాన్ని తినేస్తుంది కనుక పని అయ్యాక కడిగి తీరాలి, ఎలక్ట్రానిక్స్ జోలికి తేకూడదు. వీటి మధ్యస్థంగా నీటితో కడిగే సేంద్రియ ఆమ్లాల ఫ్లక్సులు, కడగనవసరం లేని తేలిక ఫ్లక్సులు ఉన్నాయి. ఫోన్లు, టీవీల తయారీలో నేడు ఎక్కువగా కనిపించేవి చివరి రకమే. గట్టి టంకాలకు వెలిగారం, బోరిక్ ఆమ్లం, ఫ్లోరైడ్ లవణాలు వాడతారు.

తగరం–సీసం మిశ్రమాలు

తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెంటినీ కలిపితే మిశ్రమం రెండింటికంటే తక్కువ వేడికే కరుగుతుంది. సుమారు 62 శాతం తగరం, 38 శాతం సీసం దగ్గర ఈ ఉష్ణోగ్రత అతి తక్కువై 183 డిగ్రీలకు చేరుతుంది. దీన్ని యుటెక్టిక్ బిందువు అంటారు. ఇక్కడ మిశ్రమం ముద్దగా మారే దశ లేకుండా ఒక్కసారిగా కరుగుతుంది, ఒక్కసారిగా గడ్డకడుతుంది. చల్లారుతున్నప్పుడు కదిలి చెడే అవకాశం తక్కువ కనుక 63 తగరం, 37 సీసం మిశ్రమం ఎలక్ట్రానిక్స్‌లో దశాబ్దాల పాటు రాజ్యమేలింది. రిపేరు దుకాణాల్లో పరిచితమైన 60/40 వైరు కూడా దీనికి దగ్గరిదే.

తగరం తగ్గేకొద్దీ ముద్ద దశ పెరుగుతుంది. సగానికి సగం కలిపిన టంకం 183 డిగ్రీలకు మెత్తబడడం మొదలై, సుమారు 215 డిగ్రీలకు గాని పూర్తిగా కరగదు. తగరం 30 శాతానికి దిగితే ఈ ఎడం మరింత వెడల్పవుతుంది. ఒక పనిలో దోషమైనది మరో పనిలో గుణమైంది. సీసపు గొట్టాలు అతికే పాత కాలపు ప్లంబర్లు ముద్దగా ఉన్న టంకాన్ని గుడ్డతో పామి, అతుకు చుట్టూ నున్నని ఉబ్బుగా తీర్చేవారు. రెండు శాతం వెండి కలిపిన 62 తగరం, 36 సీసం మిశ్రమం వెండి పూత ఉన్న సిరామిక్ భాగాలకు ప్రత్యేకం. టంకంలోనే వెండి ఉండడం వల్ల పూతలోని వెండి కరిగిపోవడం తగ్గుతుంది.

సీసం చవకగా ఉండడమే కాక తగరపు తలతన్యతను తగ్గించి, పరుచుకునే గుణాన్ని పెంచుతుంది. శుద్ధమైన తగరపు పూతల మీద కాలక్రమంలో సన్నని లోహపు మీసాలు మొలిచి, పక్క తీగలను తాకి షార్ట్ సర్క్యూట్ కలిగిస్తాయి. కొద్ది శాతం సీసం వాటిని చాలావరకు అణచి ఉంచుతుంది. ఉపగ్రహాలు, రక్షణ పరికరాల తయారీలో సీసపు టంకం ఇంకా కొనసాగడానికి ఇది ముఖ్య కారణం.

సీసం లేని టంకాలు

సీసం మెదడును, నాడీ మండలాన్ని దెబ్బతీస్తుంది. దీని హాని పిల్లలకు మరీ ఎక్కువ. అమెరికా 1986లో తాగునీటి గొట్టాలకు సీసపు టంకాన్ని, 1995లో ఆహారపు డబ్బాలకు సీసపు అతుకును నిషేధించింది. ఐరోపా సమాఖ్య రోహెస్ ఆదేశం 2006 జూలై 1 నుంచి అమలులోకి వచ్చి, ఎలక్ట్రానిక్ వస్తువుల్లోని ప్రతి సజాతీయ పదార్థంలో సీసాన్ని 0.1 శాతానికి పరిమితం చేసింది. భారతదేశంలో 2011లో ప్రకటించి 2012 మే నుంచి అమలు చేసిన ఈ-వ్యర్థాల నియమాలు అదే హద్దును తెచ్చాయి.

సీసం స్థానంలో ఎక్కువగా నిలిచింది తగరం, వెండి, రాగి మిశ్రమం. వీటిలో శాక్ 305 పేరుతో ప్రసిద్ధమైన దానిలో 3 శాతం వెండి, 0.5 శాతం రాగి, మిగతాది తగరం. ఇది 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాత టంకంతో పోలిస్తే 30 డిగ్రీలకు పైగా అదనపు వేడి కావడంతో బోర్డుల ప్లాస్టిక్కు, కనెక్టర్లు, యంత్రాలు అన్నీ మార్చుకోవలసి వచ్చింది. వెండి ఖరీదైనది కనుక 0.7 శాతం రాగి మాత్రమే ఉన్న, 227 డిగ్రీలకు కరిగే తగరపు టంకాన్ని వేవ్ యంత్రాల్లో విరివిగా వాడతారు. దానికి లేశమాత్రం నికెల్ చేరిస్తే అతుకు నున్నగా వస్తుంది, తొట్టిలో రాగి కరిగిపోవడం తగ్గుతుంది. 5 శాతం ఆంటిమొని గల తగరం 235 నుంచి 240 డిగ్రీల మధ్య కరుగుతుంది, తాగునీటి రాగి గొట్టాలకు వాడతారు. 9 శాతం జింక్ గల తగరం 199 డిగ్రీలకే కరుగుతుంది కాని జింక్ త్వరగా ఆక్సీకరణం చెందడంతో దాని వాడకం పరిమితం.

ప్రత్యేక టంకాలు

58 శాతం బిస్మత్, 42 శాతం తగరం మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది. వేడి తట్టుకోలేని భాగాలకు, విద్యుత్తు ఆదా చేయదలచిన కర్మాగారాలకు ఇది అనుకూలం, కాని పెళుసు. 52 శాతం ఇండియం, 48 శాతం తగరం 118 డిగ్రీలకు కరుగుతుంది. ఇండియం గాజును కూడా తడుపుతుంది, అతి శీతల స్థితిలోనూ మెత్తగా ఉంటుంది. అందుచేత శూన్య పరికరాల సీళ్లకు, అతి శీతల యంత్రాలకు పనికివస్తుంది.

మరో కొసన 80 శాతం బంగారం, 20 శాతం తగరం మిశ్రమం ఉంది. 280 డిగ్రీలకు కరిగే ఇది చాలా దృఢమైనది, ఫ్లక్స్ లేకుండా పనిచేస్తుంది. లేజర్ డయోడ్లు, గాలి చొరని సిరామిక్ పెట్టెలు దీనితో మూస్తారు. శక్తిమంతమైన ట్రాన్సిస్టర్ల లోపల 90 శాతానికి పైగా సీసం ఉన్న, 300 డిగ్రీల దగ్గర కరిగే టంకం వాడతారు. లోపలి అతుకు కరగకుండా బయటి అతుకు వేయాలంటే ఇలాంటి మెట్లు అవసరం. తగిన ప్రత్యామ్నాయం లేక 85 శాతానికి మించి సీసం ఉన్న ఈ టంకాలకు రోహెస్ మినహాయింపు ఇచ్చింది.

బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిపిన వుడ్ మిశ్రమం 70 డిగ్రీలకే, అంటే నీరు మరగకముందే కరుగుతుంది. ఇటువంటి మిశ్రమాలను అగ్నిమాపక స్ప్రింక్లర్ల తాళాలుగా వాడతారు. గది వేడెక్కగానే అతుకు కరిగి నీటి దారి తెరుచుకుంటుంది. ఇక్కడ అతికి ఉండడం ఎంత ముఖ్యమో, సరైన వేళకు విడిపోవడం అంతే ముఖ్యం.

గట్టి టంకాలు

72 శాతం వెండి, 28 శాతం రాగి మిశ్రమం 780 డిగ్రీల దగ్గర కరుగుతుంది, శూన్య నాళికల తయారీలో పేరుపడింది. జింక్ కలిపి ఈ ఉష్ణోగ్రతను తగ్గిస్తారు. లేతు పనిముట్ల టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలను ఉక్కు కాడకు అతికేది వెండి టంకమే. వ్యాకోచంలో తేడాకు మొన పగలకుండా మధ్య రాగి పొర, ఇరువైపులా వెండి టంకం ఉన్న మూడు పొరల రేకును వాడతారు.

ఫ్రిజ్‌లు, ఏసీల మెకానిక్కులు వాడే కడ్డీ రాగి, భాస్వరం మిశ్రమం. 710 డిగ్రీల దగ్గర కరగడం మొదలయ్యే ఈ టంకంలో భాస్వరమే రాగి మీది ఆక్సైడును హరిస్తుంది. అందుచేత రాగికి రాగిని అతకడానికి వేరే ఫ్లక్స్ అక్కరలేదు. ఉక్కు మీద మాత్రం భాస్వరం, ఇనుము కలిసి పెళుసు పొరగా మారతాయి కనుక అక్కడ వాడకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణ వినిమయకాల పలకలను కొలిమిలో శుద్ధ రాగితో, జెట్ ఇంజన్ల భాగాలను నికెల్ ఆధారిత టంకంతో శూన్యంలో అతుకుతారు. కార్ల అల్యూమినియం రేడియేటర్లలో సిలికాన్ కలిసిన అల్యూమినియం పలుచని పూతగా ఉంటుంది. కొలిమిలో సుమారు 600 డిగ్రీల వద్ద పూత మాత్రమే కరిగి, వందల అతుకులు ఒకేసారి పడతాయి.

కంసాలి టంకంలో బంగారానికి రాగి, వెండి కలిపి కరిగే వేడిని తగ్గించి, ఊదుగొట్టంతో మంటను అతుకు మీదికి మళ్లిస్తారు. టంకంలో బంగారం పాలు తక్కువ కనుక నగ మొత్తం స్వచ్ఛత కొంత పడిపోతుంది. ఈ నష్టం లేకుండా 92 శాతం బంగారానికి 8 శాతం కాడ్మియం చేర్చడం అలవాటైంది. నగల దుకాణాల్లో 'కేడీఎం' అన్న మాట ఇక్కడిదే. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరై, పనివారి ఊపిరితిత్తులను, మూత్రపిండాలను పాడుచేస్తుంది. హాల్‌మార్క్ విధానం కాడ్మియాన్ని అంగీకరించదు. దాని స్థానంలో జింక్, ఇండియం వంటివి కలిపిన టంకాలు వచ్చాయి.

ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో

ప్రపంచంలో శుద్ధి చేసే తగరంలో దాదాపు సగం టంకానికే పోతుంది, అందులో అధికభాగం ఎలక్ట్రానిక్స్‌కు. చేతిపనికి మధ్యలో ఫ్లక్స్ నింపిన వైరు, వేవ్ యంత్రానికి కడ్డీలు, ఉపరితల అతుకులకు టంకపు పేస్టు, చిప్పుల అడుగున టంకపు గోళీలు వాడతారు.

పేస్టులో బరువు లెక్కన 90 శాతం దాకా టంకపు పొడి, మిగతాది ఫ్లక్స్. పొడి రేణువులు సాధారణంగా 20 నుంచి 45 మైక్రోమీటర్లు. మిల్లీమీటరులో పదో వంతు మందపు స్టీలు రేకుకు కన్నాలు చేసి, వాటి గుండా పేస్టును బోర్డు మీద అద్దుతారు. యంత్రం దానిపై భాగాలను పేరుస్తుంది. తర్వాత బోర్డు రీఫ్లో కొలిమిలో మెల్లగా వేడెక్కి, 150 నుంచి 200 డిగ్రీల మధ్య కాసేపు నిలిచి, సుమారు 240 డిగ్రీల శిఖరాన్ని తాకి చల్లబడుతుంది. వేవ్ పద్ధతిలో బోర్డు అడుగుభాగం కరిగిన టంకపు అలను తాకుతూ సాగుతుంది.

1967లో హైదరాబాదులో నెలకొన్న ఈసీఐఎల్ నుంచి తిరుపతి, శ్రీసిటీ ప్రాంతాల్లోని ఫోన్ల కర్మాగారాల దాకా తెలుగు రాష్ట్రాల ఎలక్ట్రానిక్స్ తయారీకి ఈ అతుకులే ఆధారం. సౌర ఫలకాల్లో ఒక్కో ఘటాన్ని పక్కదానితో కలిపేది కూడా టంకపు పూత ఉన్న రాగి పట్టీయే. సుమారు 200 డిగ్రీలు దాటితే చెడిపోయే హెటెరోజంక్షన్ ఘటాలకు బిస్మత్ టంకాలను వాడుతున్నారు. విద్యుత్ వాహనాల శక్తి పరికరాల్లో టంకం తట్టుకోలేని వేడి ఉన్నచోట, వెండి రేణువులను 250 డిగ్రీల దగ్గర అదిమి కలిపే పద్ధతి వచ్చింది. ఏర్పడిన అతుకు వెండే కనుక 960 డిగ్రీల దాకా కరగదు.

అతుకుల లోపాలు

మెత్తని టంకం గది వేడిలో కూడా తన ద్రవీభవన స్థానానికి చేరువలోనే ఉంటుంది. పరమ ఉష్ణోగ్రత లెక్కన తగరం–సీసం టంకానికి 25 డిగ్రీలంటే కరిగే వేడిలో 65 శాతం. అందుచేత చిన్న బరువుకైనా నెమ్మదిగా సాగుతుంది. పరికరం వేడెక్కి చల్లారే ప్రతిసారీ చిప్పు, బోర్డు వేర్వేరుగా వ్యాకోచించి అతుకును లాగుతాయి. వేల విడతల తర్వాత పగులు వస్తుంది. రిపేరు చేసేవారు 'డ్రై సోల్డర్' అనే లోపానికి ఇదొక కారణం. సరిగా తడవకపోవడం, చల్లారేటప్పుడు కదలడం మిగతా కారణాలు. రెండు కాళ్ల మధ్య టంకం వంతెన కట్టడం, లోపల గాలి బుడగలు మిగలడం, చిన్న భాగాలు ఒక కొసన నిలబడిపోవడం తయారీలో తరచూ కనిపించే దోషాలు. వీటిని కెమెరాలతో, చిప్పుల అడుగున దాగినవాటిని ఎక్స్‌రేతో పరీక్షిస్తారు. శుద్ధ తగరం 13 డిగ్రీల కంటే చల్లబడితే మెల్లగా బూడిదరంగు పొడిగా మారే గుణం ఉంది. బిస్మత్, ఆంటిమొని స్వల్పంగా కలిసినా ఇది ఆగుతుంది.

భద్రత, వ్యర్థాలు

చేతితో టంకం వేసే వేడిలో సీసం దాదాపుగా ఆవిరి కాదు. అది శరీరంలోకి చేరేది ముఖ్యంగా చేతుల నుంచి తిండిలోకి. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం, పనిచేసే బల్ల వద్ద తినకపోవడం మొదటి రక్షణ. కళ్లకు కనిపించే పొగ ఫ్లక్స్‌ది. రోజన్ పొగను ఏళ్ల తరబడి పీల్చినవారికి ఉబ్బసం వస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. పొగను ముఖం దాకా రానీయకుండా లాగే ఫ్యాను సీసం లేని టంకానికి కూడా అవసరమే.

వేవ్ తొట్టి మీద తేలే తెట్టులో అధికభాగం మంచి లోహమే కనుక దాన్ని సేకరించి శుద్ధి కర్మాగారాలకు పంపుతారు. పాత బోర్డుల్లోని తగరం, వెండి, సీసాలను కూడా తిరిగి రాబట్టవచ్చు. వాటిని నిప్పుల మీద కాల్చి భాగాలను ఊడదీసే చోట మాత్రం సీసం బూడిదగా మారి నేలలో, నీటిలో, అక్కడ ఆడుకునే పిల్లల రక్తంలో చేరుతుంది. పొగను పట్టి శుద్ధిచేసే ఏర్పాటున్న అధీకృత కేంద్రాల్లో అదే బోర్డు మళ్లీ కొత్త టంకానికి ముడిసరుకు అవుతుంది.